శబ్దం నిలిచిన ద్వీపాలు, అర్థం నిలిచిన ద్వీపకల్పం

వాక్కును గూర్చి చింతించిన భారతీయ దార్శనికులు శబ్దార్థ సంబంధం దగ్గర చాలాకాలం ఆగారు. ఆ సంబంధం నిత్యమని మీమాంసకులు ప్రతిపాదించారు. అది సంకేతం వల్ల ఏర్పడినదని నైయాయికులు వాదించారు. శబ్దతత్త్వమే బ్రహ్మమని భర్తృహరి వాక్యపదీయంలో నిరూపించ పూనుకొన్నాడు. ఈ వాదాలు తాళపత్రాలలోనే సమాప్తమైనవని భావించనక్కరలేదు. సంస్కృతశబ్దం భారతభూమిని దాటి పరభాషల గృహాలలో ప్రవేశించినప్పుడు దాని గతి ఏమైనదో పరిశీలిస్తే, శబ్దార్థాలు ఎంతవరకు కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో ప్రత్యక్షంగా గోచరిస్తుంది. ఇందుకు ఇండోనేషియా భాష, కొరియా భాష చక్కని దృష్టాంతాలు.

మొదటిది సముద్రమార్గాన, నేరుగా, సంస్కృతాన్ని అందుకుంది. రెండవది చైనా మీదుగా, బౌద్ధ భిక్షువుల గ్రంథాల ద్వారా అందుకుంది. ఒకదానిలో శబ్దం నిలిచి అర్థం పలుచోట్ల మారింది. మరొకదానిలో అర్థం నిలిచి శబ్దం గుర్తుపట్టలేనంతగా అరిగిపోయింది. అర్థం తెలియకపోయినా మంత్రాన్ని స్వరయుక్తంగా పలకాలనే పెద్దలకూ, పలకడం కంటె తాత్పర్యం గ్రహించడమే ముఖ్యమనే పిల్లలకూ మధ్య నేడు అనేక గృహాలలో సాగే వివాదానికి ఈ రెండు భాషల చరిత్రలో సమాధానం కొంత దొరుకుతుంది.

ముందుగా ఒక వివేకం అవసరం. ఈ రెండు భాషలూ సంస్కృతజన్యాలు కావు. పరస్పర బంధువులూ కావు. ఇండోనేషియా భాష మలయ్ భాషకు రూపాంతరం. మడగాస్కర్ నుండి హవాయి వరకు వ్యాపించిన ఆస్ట్రొనేషియన్ కుటుంబానికి అది చెందుతుంది. కొరియా భాషకు జెజు ద్వీపభాష తప్ప నిశ్చితమైన దగ్గరి బంధువులు లేరు. కొరియా భాషకూ ద్రావిడ భాషలకూ బంధుత్వం ఉన్నదని ఇరవయ్యవ శతాబ్దారంభంలో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ ప్రతిపాదించాడు. ‘అప్పా’, ‘ఒమ్మా’ అనే కొరియా పిలుపులు వినగానే దక్షిణభారతీయుల మనస్సు ఆర్ద్రమవుతుంది. కాని శిశువుల తొలి పలుకులు సంబంధం లేని భాషలలోనూ ఇట్లే ఉంటాయి. భాషాశాస్త్రజ్ఞులు ఆ బంధుత్వాన్ని అంగీకరించలేదు. అట్లే ఇండోనేషియా భాషలో ‘హరి’ అంటే దినం, ‘మతహరి’ అంటే సూర్యుడు. ఇవి విన్న భక్తుడు శ్రీహరిని స్మరించి పులకించవచ్చు. ఆ పదాలు మాత్రం అచ్చమైన ద్వీపవాసుల పదాలు. ‘మత’ అంటే నేత్రం, సూర్యుడంటే దినానికి నేత్రం. రజ్జువును సర్పమని భ్రమించడం ఎట్టి అధ్యాసయో, సాదృశ్యాన్ని సంబంధమని భ్రమించడమూ అట్టి అధ్యాసయే.

ద్వీపాలలో సంస్కృతశబ్దం

తూర్పు కాలిమంతన్‌లోని కుతై ప్రాంతంలో లభించిన యూపస్తంభాలు ఇండోనేషియాలోని అతిప్రాచీన శాసనాలలో చేరతాయి. సుమారు క్రీ.శ. 400 నాటివని పండితుల అంచనా. లిపి పల్లవలిపి, భాష సంస్కృతం. మూలవర్మ అనే రాజు బ్రాహ్మణులకు చేసిన గోదానాదులను అవి కీర్తిస్తాయి. అందులోని వంశక్రమం గమనార్హం. తాత పేరు కుండుంగ, తండ్రి పేరు అశ్వవర్మ, రాజు పేరు మూలవర్మ. తాత పేరులో స్థానికభాష వినిపిస్తుంది. తర్వాతి రెండు తరాల పేర్లు సంస్కృతంలో ఉన్నాయి. పశ్చిమ జావాలో పూర్ణవర్మ తన పాదముద్రలను విష్ణుపాదాలతో పోల్చుకొన్న శిలాశాసనం వేయించాడు. క్రీ.శ. 671లో భారతదేశానికి బయలుదేరిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ దారిలో సుమాత్రాలోని శ్రీవిజయంలో ఆరునెలలు ఆగి సంస్కృత వ్యాకరణం అభ్యసించాడు. ఆ ద్వీపాలు అప్పటికే సంస్కృతవిద్యకు పీఠమైనవని దీనివల్ల తెలుస్తుంది.

నేటి ఇండోనేషియన్లలో అత్యధికులు ముస్లింలు. అయినా వారి నిత్యవ్యవహారంలో సంస్కృతపదాలు శ్వాసవలె సహజంగా ఉన్నాయి. భాషను వారు ‘బహాసా’ అంటారు. గురువు ‘గురు’, మనుష్యుడు ‘మనుసియ’, భూమి ‘బుమి’, రహస్యం ‘రహసియ’, శిష్యుడు ‘సిస్వ’, విశ్వవిద్యాలయ విద్యార్థి ‘మహాసిస్వ’. పుస్తకశబ్దం నుండి ‘పెర్‌పుస్తకాఅన్’ అనే పదం కల్పించి గ్రంథాలయానికి పేరు పెట్టుకొన్నారు. మతానికి ‘ఆగమ’, పాపానికి ‘దోస’, పుణ్యఫలానికి ‘పహాల’, స్వర్గానికి ‘సుర్గ’, నరకానికి ‘నెరక’ అంటారు. రంజాన్ మాసంలో ఆచరించే ఉపవాసానికి వారి పదం ‘పుఆస’. ఉపవాసశబ్దమే కొన్ని అక్షరాలు రాల్చుకొని ఆ రూపం ధరించింది.

అర్థం మారిన పదాలు మరింత విచారణీయం. ‘చింత’ అంటే అక్కడ ప్రేమ. చింతనకు, తలపోతకు సంబంధించిన శబ్దం ప్రేమవాచకం కావడంలో అసంగతమేమీ లేదు. ప్రేమించినవారిని గూర్చియే కదా మనస్సు నిరంతరం తలపోస్తుంది! ‘సెంగ్సార’ అంటే కష్టం, యాతన. ఇది సంసారశబ్దం. తెలుగువారు అదే శబ్దాన్ని కాపురానికి, భార్యాబిడ్డలతో కూడిన గృహజీవనానికి వాడుకొన్నారు. వేదాంతి చెప్పిన జననమరణ ప్రవాహం ఒకచోట కాపురమైంది, మరొకచోట యాతన అయింది. ‘ఛాయ’ అక్కడ ‘చహాయ’ అయి కాంతిని సూచిస్తుంది. సంస్కృతంలోనూ ఆ శబ్దానికి నీడ అనే అర్థంతోపాటు కాంతి అనే అర్థమూ కలదు. ‘భయ’ శబ్దం ‘బహాయ’ అయి ప్రమాదాన్ని చెబుతుంది. మనస్సులోని వికారం వెలుపలి హేతువుకు పేరైంది. ‘స్వామి’ శబ్దం ‘సుఅమి’ అయి భర్తకు, ‘స్త్రీ’ శబ్దం ‘ఇస్త్రి’ అయి భార్యకు పరిమితమైనాయి.

దీన్ని చూచి కొందరు భక్తులు గర్విస్తారు. సంస్కృతం దిగ్విజయం చేసిందని పలుకుతారు. ఆ గర్వానికి ఆధారం స్వల్పం. ‘పుఆస’ ఉండే ఇండోనేషియా గృహిణి పరభాషాపదం వాడుతున్నానని అనుకోదు; అది ఆమె తల్లి నేర్పిన మాట. నది సముద్రంలో కలిసిన పిమ్మట ఆ నీరు ఏ పర్వతానిదని అడుగుట వ్యర్థం. శబ్దం ఎవరి నోట జీవిస్తుందో వారిదే.

ద్వీపకల్పంలో అర్థం

కొరియాకు బౌద్ధం క్రీ.శ. 372లో గొగుర్యో రాజ్యం ద్వారా ప్రవేశించింది. అప్పటికి సంస్కృతశబ్దం చైనాలో ఒక జన్మ ఎత్తింది. చైనా పండితులు కొన్ని పదాలను అర్థానువాదం చేశారు, కొన్నింటిని తమ లిపిచిహ్నాల ధ్వనులతో అనుకరించారు. ఆ చిహ్నాలనే కొరియన్లు తమ ఉచ్చారణలో చదువుకొన్నారు. ఇట్లు రెండు సార్లు వడపోసిన శబ్దంలో మూలధ్వని శేషించడం దుర్లభం. ధ్యానం చైనాలో ‘ఛాన్’ అయి కొరియాలో ‘సొన్’ అయింది. సమాధి ‘సమ్మే’, బోధిసత్త్వుడు ‘పొసల్’, నిర్వాణం ‘యొల్బన్’, కల్పం ‘కొప్’ అయినాయి. క్షణం ‘ఛల్లా’గా మారి నేటి సామాన్య సంభాషణలోనూ నిమేషమాత్రకాలాన్ని సూచిస్తుంది. చెవితో విని వీటి మూలాన్ని గుర్తించడం సంస్కృతపండితునికైనా అసాధ్యం.

అయితే అర్థం? సొన్ సాధకుడు గోడకు ఎదురుగా కూర్చొని చేసే సాధన ధ్యానమే. సమ్మే అనగానే చిత్తైకాగ్రత అనే భావమే స్ఫురిస్తుంది. ధ్వని పోయినా సాధన పోలేదు. ఆ అర్థాన్ని కాపాడుకొనుటకు కొరియన్లు చేసిన శ్రమ అసామాన్యం. ఎనిమిదవ శతాబ్దిలో హ్యేచో అనే సిల్లా భిక్షువు భారతదేశానికి వచ్చి క్షేత్రాలను దర్శించాడు. ఆయన యాత్రాగ్రంథం 1908లో దున్‌హువాంగ్ గుహలలో లభించింది. పదమూడవ శతాబ్దిలో మంగోలు దండయాత్రల నడుమ బౌద్ధ త్రిపిటకాన్ని ఎనభైవేలకు పైగా కొయ్యపలకలపై చెక్కారు. ఆ పలకలు నేటికీ హేఇన్సా ఆలయంలో భద్రంగా ఉన్నాయి.

అర్థం నిలవని చోట్లు కొరియాలోనూ ఉన్నాయి. ‘కొందల్’ అంటే అక్కడ పనీపాటా లేక తిరిగేవాడు, రౌడీ. అది గంధర్వశబ్దం! గానంతో కాలం గడిపే దేవజాతి పేరు క్రమంగా సోమరికి, పిదప దుండగీడుకు చెల్లింది. ‘అసురాజాంగ్’ అంటే కోలాహలమైన రణరంగం వంటి చోటు. అసురశబ్దం అందులో దాగి ఉంది. మోక్షసాధనలో నిత్యం వాడిన పదాలకు అర్థం స్థిరపడింది. వీధిలోకి వచ్చిన పదాలు వీధి అర్థాన్నే తొడుక్కొన్నాయి. ఈ భేదాన్ని జిజ్ఞాసువు గుర్తుంచుకోవాలి.

అక్షరాన్ని దానమిచ్చిన రాజు

కొరియా లిపిని చెప్పక ఆ భాషను గూర్చి చెప్పుట అసంపూర్ణం. సెజోంగ్ మహారాజు 1443లో నూతనలిపిని నిర్మించి 1446లో ప్రకటించాడు. చైనాలిపి నేర్వలేని సామాన్యులు తమ కష్టాన్ని వ్రాసి చెప్పుకోలేకపోవడం చూచి కరుణతో ఇరవైయెనిమిది అక్షరాలను కల్పించానని ఆయన పీఠికలో తెలిపాడు. 1444లో ఆస్థానపండితులు కొందరు తీవ్రంగా వ్యతిరేకించారు. చైనాలిపిని వదలుట అనాగరికమని వారి వాదం. అక్షరం సులభమైతే పాండిత్యానికి విలువ తగ్గుననే భయం ఏ దేశపండితులకూ కొత్త కాదు.

ఆ లిపిలో హల్లుల ఆకృతి ఉచ్చారణస్థానాన్ని చూపుతుంది. కకారానికి నాలుక మూలం కంఠాన్ని అడ్డగించే రూపం, నకారానికి నాలుక కొన పైకి తాకే రూపం, మకారానికి నోటి రూపం, సకారానికి దంతరూపం. కంఠ్య, తాలవ్య, మూర్ధన్య, దంత్య, ఓష్ఠ్యాలుగా వర్ణాలను స్థానభేదంతో విభజించిన శిక్షాశాస్త్రం తెలిసినవారికి ఇది ఆత్మీయంగా తోస్తుంది. సెజోంగ్ ఆధారపడిన చైనా ధ్వనిశాస్త్రానికి బౌద్ధుల ద్వారా భారతీయ వర్ణవిభాగ పరిచయం ఉన్నది. కాని స్థానాన్ని చిత్రించి అక్షరంగా మలచిన ప్రతిభ ఆ కొరియన్లదే. అచ్చులకు మూలరూపాలు మూడు: ఆకాశానికి బిందువు, భూమికి అడ్డగీత, నడుమ నిలిచిన మానవునికి నిలువుగీత. హల్లు, అచ్చు కలిపి ఒకే సముదాయంగా వ్రాసే పద్ధతి గుణింతం నేర్చిన తెలుగు విద్యార్థికి వెంటనే బోధపడుతుంది.

1447లో ఆ లిపిలో వెలువడిన తొలి గద్యగ్రంథం బుద్ధచరిత్ర. మరణించిన తల్లి, అనగా మహారాణి, సద్గతి కోరి రాజకుమారుడు దాన్ని రచించాడు. కొత్త అక్షరాల తొలి ప్రయోజనాలలో ఒకటి ఇట్లు మాతృఋణం తీర్చుట అయింది.

ఇక్కడ ఒక విపర్యయం గమనించాలి. సంస్కృతధ్వనిని నిలుపుకొన్న ఇండోనేషియా బ్రాహ్మీసంతతి లిపిని వదలింది. పల్లవలిపి నుండి పుట్టిన కవిలిపి, జావాలిపి, బాలిలిపి ఒకనాడు కావ్యాలను మోశాయి. పిదప అరబ్బీలిపి, ఆపైన రోమన్‌లిపి వచ్చాయి. బాలిద్వీపంలో తాళపత్ర గ్రంథాలు ఇంకా ఆదరణలో ఉన్నా, జాతీయభాష నేడు రోమన్‌లిపిలో నడుస్తుంది.

నేను, మనము, మా

రెండు భాషల వ్యాకరణాలను పక్కపక్కన ఉంచితే తెలుగువారికి విచిత్రమైన అనుభవం కలుగుతుంది. ‘నేను అన్నం తిన్నాను’ అనే వాక్యాన్ని కొరియా భాషలో ‘నానున్ పబుల్ మొగొత్తా’ అంటారు. కర్త, కర్మ, క్రియ అనే క్రమం తెలుగు క్రమమే. విభక్తిప్రత్యయం నామానికి వెనుకనే చేరుతుంది. ఇండోనేషియన్ ‘సాయా మకన్ నాసి’ అంటాడు. క్రియ నడుమ వచ్చింది. కాలభేదం చేత క్రియ మారదు. అవసరమైతే ‘ఇప్పటికే’, ‘ఇకమీద’ అనే అర్థమిచ్చే పదం ముందు చేరుస్తారు.

కొరియా వాక్యంలో క్రియ చివర చేరే ప్రత్యయం వక్తకూ శ్రోతకూ గల గౌరవసంబంధాన్ని ప్రకటిస్తుంది. ఎదుటివాడు పెద్దవాడా, సమానుడా, చిన్నవాడా అని నిర్ణయించుకోక వాక్యం ముగించుట కష్టం. ‘నేను’ అనుటకు సామాన్యంగా ‘నా’, వినయంతో ‘చొ’ అని రెండు పదాలు. ఇండోనేషియా భాషలో ఇంతటి తారతమ్యం లేదు. కాని ఆ ‘సాయా’ అనే పదాన్ని విచారిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది సంస్కృత ‘సహాయ’ శబ్దం. తోడుగా నడిచేవాడు, వెంట ఉండి సేవించేవాడు అనే అర్థం నుండి ‘తమ దాసుడు’ అనే వినయోక్తిగా మారి, చివరకు ‘నేను’ అయింది. కోట్లాది జనులు ప్రతిదినం ‘నేను’ అనదలచి తెలియకనే ‘సహాయుడను’ అంటున్నారు. అహంకారాన్ని దాసభావంలో కరిగించుమని భక్తిశాస్త్రం చెప్పినది అక్కడ సర్వనామంలో నిక్షిప్తమైంది.

‘మనము’, ‘మేము’ అనే భేదం సంస్కృతంలో లేదు, హిందీలోనూ లేదు. తెలుగులో కలదు. ఇండోనేషియా భాషలో కూడా కలదు. వినేవానిని కలుపుకొంటే ‘కిత’, విడిచిపెడితే ‘కమి’. బంధుత్వం లేని రెండు భాషలు ఒకే సూక్ష్మాన్ని గమనించాయి. కొరియా భాషలో సామాన్యంగా వాడే ‘ఉరి’లో ఈ భేదం లేదు. కాని ఆ ‘ఉరి’ వాడుక తెలుగువారికి మరింత చిరపరిచితం. కొరియన్ ‘నా తల్లి’ అనడు, ‘ఉరి ఒమ్మా’ అంటాడు. తెలుగువాడు ‘మా అమ్మ’ అన్నట్లే. ఏకైక సంతానమైనా ‘మా అమ్మ’యే. భార్య తన భర్తను గూర్చి ‘మా ఆయన’ అనునట్లే కొరియా స్త్రీ ‘ఉరి నంప్యొన్’ అంటుంది. పరభాషీయులకు ఇది నవ్వు తెప్పించవచ్చు. మమకారాన్ని ఏకవచనంలో చెప్పుటకు సంకోచించే భాషలకు దాని ఔచిత్యం తెలుసు.

రెండు త్యాగాలు

1928 అక్టోబరు 28న నేటి జకార్తాలో వివిధ ద్వీపాల యువకులు సమావేశమై ఒకే మాతృభూమి, ఒకే జాతి అని ప్రతిజ్ఞ చేశారు. భాష విషయంలో ఇండోనేషియా భాషను ఐక్యభాషగా శిరసావహిస్తామని పలికారు. వారు వాడిన క్రియాపదానికి వాచ్యార్థం కూడా శిరస్సుపై మోయుటయే. జనసంఖ్యలో అధికులు జావావారు. వారి భాషకు ఘనమైన కావ్యసంపద ఉంది. అయినా అంతస్తులననుసరించి పదజాలమే మారే ఆ భాషను కాక, ఓడరేవులలో వ్యాపారుల నోట పెరిగిన సరళమైన మలయ్‌ను జాతీయభాషగా అంగీకరించారు. 1945 రాజ్యాంగం దాన్ని స్థిరపరచింది. అధికసంఖ్యాకులు తమ భాషను ముందుకు నెట్టకుండుట చరిత్రలో అరుదైన సంయమం.

కొరియన్లది వేరొక తపస్సు. జపాన్ పాలనలో, 1942లో, కొరియా నిఘంటువును కూరుస్తున్న పండితులను బంధించారు. ఇద్దరు చెఱసాలలోనే మరణించారు. స్వాధీనం చేసుకొన్న వ్రాతప్రతి మాయమైంది. 1945లో విముక్తి పిమ్మట అది సియోల్ రైల్వేస్టేషన్ గిడ్డంగిలో దొరికింది. 1947లో తొలి సంపుటం వెలువడింది. ఒకరు ఐక్యతకోసం తమ భాషను పక్కన పెట్టారు. మరొకరు అస్తిత్వంకోసం తమ భాషను ప్రాణాలతో పట్టుకొన్నారు. సందర్భాన్ని బట్టి త్యాగమూ ధర్మమే, గ్రహణమూ ధర్మమే.

ఈ రెండు ధారలు ఒకచోట కలిశాయి. ఇండోనేషియాలోని బూటన్ ద్వీపంలో సియా-సియా అనే చిన్న భాషాసమూహం ఉన్నది. 2009లో అక్కడి పిల్లలకు తమ భాషను కొరియాలిపిలో నేర్పుట ఆరంభించారు. వ్రాసి చెప్పుకోలేని జనులకోసం ఒక రాజు కల్పించిన అక్షరాలు దాదాపు ఆరు శతాబ్దుల తర్వాత సముద్రం దాటి మరొక చిన్న భాషకు అక్కరకు వచ్చాయి.

సాధకుడు గ్రహించవలసినది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. శబ్దాన్ని కాపాడాలా, అర్థాన్ని కాపాడాలా? అర్థమెరుగక వేదం వల్లించేవానిని బరువు మోసే స్తంభంతో పోల్చిన సంప్రదాయాన్ని యాస్కుడు నిరుక్తంలో ఉటంకించాడు. ఆ మాట కఠినమైనదే. అయితే ద్వీపాల సాక్ష్యం దానికి కొంత అనుబంధం చేరుస్తుంది. స్తంభం మోసినందువల్లనే శబ్దం నశించలేదు. ‘సుర్గ’, ‘దోస’, ‘జివ’ అనే పదాలను గుర్తించి జిజ్ఞాసువు నేటికీ మూలానికి నడవగలడు. ద్వారం మూసి ఉన్నా గోడ నిలిచి ఉంది. కొరియా సాక్ష్యం రెండవ పక్షాన్ని బలపరుస్తుంది. ధ్వని పూర్తిగా మారినా, తరతరాలుగా ఆచరించినవారి వద్ద ధ్యానం ధ్యానంగానే నిలిచింది. అక్కడ గోడ లేదు, దీపం ఉంది.

పాడైనది ఎక్కడ? పలకడమూ, తెలుసుకోవడమూ రెండూ ఆగిపోయిన చోట. గంధర్వుడు దుండగీడైనది అక్కడనే. ప్రవాసంలో పెరుగుతున్న తెలుగుబిడ్డ రోమన్‌లిపిలో చూచి విష్ణుసహస్రనామం పఠిస్తే తాతగారికి ఆవేదన కలుగుట సహజం. అర్థం చెప్పమని ఆ బిడ్డ అడిగినప్పుడు తాతగారు తడబడితే బిడ్డకు నిరాశ కలుగుటా అంతే సహజం. ఆ బిడ్డ చేతిలోని శబ్దం ఇండోనేషియా దారిలో ఉన్నది. అడిగిన ప్రశ్న కొరియా దారిని కోరుతున్నది. ఇద్దరూ ఒకే పీట మీద కూర్చొని, నామానికొక దినం చొప్పున అయినా, శబ్దాన్ని అర్థంతో జోడిస్తే ఆ వివాదానికి తావుండదు. వెయ్యి నామాలకు మూడేళ్ళకు లోపే పడుతుంది.

ఇండోనేషియా భాషలో ‘బెలుమ్’ అనే చిన్న పదమున్నది. ‘ఇంకా కాలేదు’ అని దాని అర్థం. వివాహమైనదా, పని పూర్తయినదా అని అడిగితే అక్కడివారు ‘లేదు’ అనరు, ‘బెలుమ్’ అంటారు. కాలేదన్నది నిజం, కానున్నదన్నది ఆశ. రెండూ ఆ పదంలోనే ఉన్నాయి. నామార్థం తెలిసినదా అని ఎవరైనా అడిగినప్పుడు సాధకుడు సిగ్గుపడనక్కరలేదు, తెలిసినట్లు నటించనూ అక్కరలేదు. ‘బెలుమ్’ అని చెప్పి, మరునాటి నామం తెరవవచ్చు.